బ్రెగ్జిట్ పేచీ: సభలో ఏం చర్చించాలో తేల్చేది ఎవరు?

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్య (ఈయూ) నుంచి బయటికి రావాలని ఓటేశారు. దేశం నిజంగా బయటపడింది 2020 జనవరి 31 రాత్రి. ఈ మూడేళ్ల ఏడు నెలల్లో ఇద్దరు ప్రధానులు పదవి వదిలారు, రెండుసార్లు సాధారణ ఎన్నికలు జరిగాయి, సుప్రీంకోర్టు రెండుసార్లు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, బయటపడే గడువు మూడుసార్లు వెనక్కి జరిగింది.

"ప్రజలు తేల్చేశాక ఎంపీలకు ఇంకేం పని?" అని బ్రెగ్జిట్ కోరినవాళ్లు అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. "ఎలా వెళ్లాలో ప్రజలు చెప్పలేదు, అది తేల్చాల్సింది పార్లమెంటే" అని అవతలివాళ్ల జవాబు. వాదన ఎప్పుడూ ఈ రెండు మాటల మధ్యే తిరుగుతుంది గానీ, 2018 చివరి నుంచి 2019 చివరి దాకా బ్రిటన్ పార్లమెంటు కొలువైన వెస్ట్‌మినిస్టర్‌లో నడిచిన పోరు కీలు వేరే చోట ఉంది. ఫలానా రోజు సభ ముందుకు ఏ తీర్మానం రావాలి, ఏది రాకూడదు, అసలు సభ కూర్చోవాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉండాలి? పైకి ఇది గుమాస్తాలు చూసుకునే వ్యవహారంలా కనిపిస్తుంది. ఆ ఏడాది మాత్రం దేశం దారి దీన్ని బట్టే మారింది.

## ఓటు చెప్పింది, చెప్పకుండా వదిలేసింది

బ్యాలెట్ మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న: ఈయూలో ఉండాలా, బయటికి రావాలా? బయటికన్నవారు 51.9 శాతం, ఉండాలన్నవారు 48.1 శాతం. ఓట్లలో తేడా దాదాపు 12.7 లక్షలు. ఇంగ్లండ్, వేల్స్ బయటికే మొగ్గాయి. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం ఉండాలన్నారు. మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడ ఓటు హక్కు ఉంది కాబట్టి, ఇండియన్ పాస్‌పోర్టుతోనే లండన్‌లోనో రెడింగ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లు కూడా ఓటరుగా నమోదై ఉంటే ఆ రోజు ఓటు వేయగలిగారు. ఇరవయ్యేళ్లుగా అక్కడే కాపురముంటున్న ఫ్రెంచి పౌరుడికి మాత్రం ఆ అవకాశం లేదు.

"బయటికి" అన్న జవాబులో బయటికి వెళ్లి ఎక్కడ ఆగాలన్న సంగతి లేదు. ఈయూ అంటే అందరూ కలిసి కట్టుకున్న ఒకే గది కాదు, అందులో పొరలున్నాయి. కస్టమ్స్ యూనియన్ అంటే సభ్యదేశాల మధ్య సుంకాలు ఉండవు, బయటి దేశాల సరుకు మీద అందరూ ఒకే సుంకం వేస్తారు. ఏకీకృత మార్కెట్ అంటే సరుకుల ప్రమాణాలు, సేవల నియమాలు కూడా ఒకటే, మనుషులు ఏ సభ్యదేశంలోనైనా ఉద్యోగం చేసుకోవచ్చు. నార్వే ఈయూలో లేదు, కానీ ఏకీకృత మార్కెట్‌లో ఉంది. టర్కీకి పారిశ్రామిక సరుకుల వరకు ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది. ఏ ఒప్పందమూ లేకుండా తెగతెంపులు చేసుకుని, ప్రపంచ వాణిజ్య సంస్థ సాధారణ నియమాల మీద వ్యాపారం చేసుకోవడం మరో దారి. దాన్నే "నో డీల్" అన్నారు. 2016లో "బయటికి" అని గుర్తు పెట్టిన 1.74 కోట్ల మందిలో ఎవరి మనసులో ఏ దారి ఉందో చెప్పే లెక్క ఏదీ లేదు.

## మొదటి పేచీ: నోటీసు ఇచ్చే హక్కు ఎవరిది?

ఈయూ ఒప్పందంలోని 50వ అధికరణం ప్రకారం, బయటికి వెళ్లదలచిన దేశం ముందు నోటీసు ఇవ్వాలి. ఇచ్చిన రోజు నుంచి రెండేళ్లు లెక్క. ఈలోగా ఒప్పందం కుదరకపోయినా, మిగతా దేశాలన్నీ ఒప్పుకుని గడువు పొడిగిస్తే తప్ప, ఆ దేశం సభ్యత్వం దానంతటదే రద్దవుతుంది. ఈ చివరి షరతు గుర్తుంచుకోవాలి. తర్వాతి గొడవంతా దీని చుట్టూనే జరిగింది.

డేవిడ్ కామెరాన్ రాజీనామా తర్వాత 2016 జులైలో ప్రధాని అయిన థెరిసా మే, ఈ నోటీసు తానే ఇస్తానన్నారు. బ్రిటన్‌లో విదేశీ ఒప్పందాలు చేసుకోవడం, రద్దు చేసుకోవడం రాజుకున్న అధికారాల్లో ఒకటి. రాజు పేరుమీద దాన్ని మంత్రివర్గమే వాడుతుంది. ఇండియాలో కూడా ఒప్పందాల మీద సంతకం పెట్టేది కేంద్ర ప్రభుత్వమే, ప్రతిదానికీ పార్లమెంటు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి మే వాదన అడ్డగోలుదేమీ కాదు.

జీనా మిల్లర్ అనే వ్యాపారవేత్త తదితరులు కోర్టుకెళ్లారు. వాళ్ల వాదన ఇదీ: 1972లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఈయూ చట్టాలు బ్రిటన్‌లో చెల్లుబాటయ్యాయి, వాటివల్ల పౌరులకు హక్కులొచ్చాయి. నోటీసు ఇస్తే ఆ హక్కులు పోతాయి. పార్లమెంటు ఇచ్చిన హక్కును మంత్రులు ఒక ఉత్తరంతో తీసేయగలరా? 2017 జనవరి 24న సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీల్లో 8 మంది తీసేయలేరన్నారు. వెంటనే ప్రభుత్వం ఒక చిన్న బిల్లు తెచ్చింది, ఎంపీలు భారీ మెజారిటీతో ఆమోదించారు. 2017 మార్చి 29న నోటీసు ఈయూ కేంద్రమైన బ్రసెల్స్ చేరింది.

ఇల్లు ఖాళీ చేస్తామని నోటీసిచ్చి, ఎక్కడికి మారాలో ఇంట్లో వాళ్లింకా తేల్చుకోని పరిస్థితి అది. అంత మెజారిటీతో ఓటేసినప్పుడే "ముందు ఎక్కడికి వెళ్తామో తేల్చుకుందాం, తర్వాతే నోటీసు" అని పట్టుబట్టే అవకాశం ఎంపీలకు ఉంది. దాన్ని వాళ్లే వదులుకున్నారు. తర్వాత రెండేళ్ల పాటు వాళ్లు పడ్డ తిప్పలకు బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం.

## ఎవరూ గెలవకపోయినా ఒకరు గెలిచే లెక్క

దీన్ని ఊహించుకున్న అంకెలతో చూద్దాం. సభలో 100 మంది ఉన్నారనుకోండి. ప్రధాని తెచ్చిన ఒప్పందం కావాలన్నవారు 40 మంది. అసలు వెళ్లొద్దు, లేదా ఈయూకు ఇంకా దగ్గరగా ఉండాలి అన్నవారు 45 మంది. ఏ ఒప్పందమూ వద్దు, తెగతెంపులే మేలు అన్నవారు 15 మంది.

ఒప్పందం మీద ఓటింగ్ పెడితే 40–60తో ఓడిపోతుంది. దగ్గరగా ఉందామన్న తీర్మానం పెడితే 45–55తో ఓడిపోతుంది. నో డీల్ మీద పెడితే 15–85తో ఘోరంగా ఓడిపోతుంది. మూడూ ఓడిపోయాయి. గడువు రోజు వచ్చింది. జరిగేదేమిటి? 50వ అధికరణం ప్రకారం నో డీల్! సభలో 85 మంది వద్దన్నదే ఎవరూ ఓటేయకుండా జరిగిపోతుంది.

అంటే, ఏమీ చేయకుండా కాలం గడపడమే ఒక పక్షానికి గెలుపు. మిగతావాళ్లు గెలవాలంటే ఏదో ఒకటి చేయాలి, చేయడానికి సభలో సమయం కావాలి, ఆ సమయాన్ని కేటాయించేది ప్రభుత్వం. బ్రెగ్జిట్ పోరులో చిక్కుముడి ఇదే.

## ఐర్లండ్ సరిహద్దు దగ్గర ఒప్పందం ఎందుకు చిక్కుకుంది?

2017 జూన్‌లో మే తన బలం పెంచుకుందామని ముందస్తు ఎన్నికలకు వెళ్లి ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకున్నారు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీ అనే చిన్న పార్టీకి చెందిన 10 మంది ఎంపీల మద్దతుతో ప్రభుత్వం నిలబడింది. ఒప్పందంలో అత్యంత క్లిష్టమైన అంశం కూడా ఆ ఉత్తర ఐర్లండ్ గురించే.

ఐర్లండ్ ద్వీపంలో దక్షిణాన ఐర్లండ్ రిపబ్లిక్ ఈయూ సభ్యదేశం, ఉత్తరాన ఉన్న భాగం బ్రిటన్‌ది. మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు. దశాబ్దాల హింస తర్వాత 1998లో కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం ఇచ్చిన ప్రశాంతత వల్ల ఆ సరిహద్దు మీద సైనిక తనిఖీలు పోయాయి. కార్లు ఆగకుండా అటూ ఇటూ వెళ్తున్నాయి. బ్రిటన్ కస్టమ్స్ యూనియన్ నుంచి బయటికొస్తే సరుకు తనిఖీ చేయాల్సిన గీత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. భూమ్మీద గీస్తే శాంతికి ముప్పు. సముద్రం మీద గీస్తే ఉత్తర ఐర్లండ్‌ను మిగతా బ్రిటన్ నుంచి వేరు చేసినట్టవుతుందని డీయూపీ అభ్యంతరం.

మే కుదుర్చుకున్న మధ్యే మార్గాన్ని "బ్యాక్‌స్టాప్" అన్నారు. వేరే పరిష్కారం దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉంటుంది, ఉత్తర ఐర్లండ్ మరికొన్ని ఈయూ నియమాలు కూడా పాటిస్తుంది. బ్రిటన్ తనంతట తాను దాన్నుంచి బయటికి రావడానికి వీల్లేదు. "ఇది బయటికి రావడమే కాదు, సభ్యత్వం లేకుండా కట్టుబడి ఉండటం" అని ఆమె పార్టీలోని కరడుగట్టిన బ్రెగ్జిట్ వర్గం మండిపడింది. ఇది ఉన్న సభ్యత్వం కన్నా నాసిరకమని ఉండాలన్నవాళ్లూ తోసిపుచ్చారు. పూర్తిగా ఎదురెదురు కారణాలతో రెండు వర్గాలూ ఒకే లాబీలోకి నడిచాయి.

## 202–432

నడిచాయి అన్నది అక్షరాలా నిజం. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ఓటింగ్ అంటే బటన్ నొక్కడం కాదు. గంట మోగుతుంది, ఎనిమిది నిమిషాల్లో తలుపులు మూసేస్తారు. ఈలోగా అవునన్నవారు స్పీకర్‌కు కుడివైపు నడవాలోకి, కాదన్నవారు ఎడమవైపు నడవాలోకి వెళ్లాలి. రెండు పక్షాల నుంచి ఇద్దరేసి లెక్కగాళ్లు తలలు లెక్కపెట్టి, నలుగురూ వరసగా స్పీకర్ ఎదురుగా నిలబడి ఫలితం చదువుతారు. 2019 జనవరి 15 రాత్రి చదివిన లెక్క: కుడివైపు 202, ఎడమవైపు 432. తేడా 230. బ్రిటన్ పార్లమెంటు చరిత్రలో ఏ ప్రభుత్వానికీ ఇంతటి ఓటమి ఎదురుకాలేదు.

మరుసటి రోజే ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. అది 306–325తో వీగిపోయింది. అంటే ప్రభుత్వం తెచ్చిన అతి ముఖ్యమైన విధానాన్ని చిత్తుగా ఓడించిన సభే, ఆ ప్రభుత్వాన్ని మాత్రం దించనంది. పాత పద్ధతి ప్రకారమైతే అంత పెద్ద ఓటమి తర్వాత ప్రధాని దిగిపోవడమో ఎన్నికలకు వెళ్లడమో జరిగేది. 2011 నాటి చట్టం ఒకటి ఆ ముడి విప్పేసింది. ఆ చట్టం ప్రకారం మధ్యలో ఎన్నికలు రావాలంటే రెండే దారులు: ప్రత్యేక పదాలతో పెట్టిన అవిశ్వాస తీర్మానం నెగ్గాలి, లేదా సభ మొత్తం బలంలో మూడింట రెండొంతుల మంది, అంటే 650లో 434 మంది ఎన్నికలు కావాలని ఓటేయాలి. దిగిపోవాల్సిన పని లేని ప్రభుత్వం, దాని మాట వినాల్సిన పని లేని సభ ఒకే కప్పు కింద కొనసాగాయి.

మార్చి 12న అదే ఒప్పందం చిన్న మార్పులతో మళ్లీ వచ్చి 149 ఓట్ల తేడాతో ఓడింది. మూడోసారి తెద్దామంటే మార్చి 18న స్పీకర్ జాన్ బెర్కో అడ్డుపడ్డారు. ఒకే సమావేశ కాలంలో ఒకే ప్రశ్నను సభ ముందు పదేపదే పెట్టకూడదన్న ఆనవాయితీ 1604 నుంచి ఉందని గుర్తుచేశారు. చివరికి ఒప్పందంలో సగాన్నే విడదీసి మార్చి 29న పెడితే, అదీ 286–344తో పోయింది.

## అజెండా చేతులు మారిన రోజు

కామన్స్ 14వ స్థాయీ నిబంధన ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, సభలో ప్రతి రోజూ ప్రభుత్వ కార్యక్రమాలకే ప్రాధాన్యం. ప్రభుత్వం పెట్టనిది మామూలుగా చర్చకు రాదు. సాధారణ సభ్యుడు బిల్లు పెట్టొచ్చు గానీ ప్రభుత్వ ఆశీస్సులు లేకుండా గట్టెక్కడం కష్టం. మన పార్లమెంటులోనూ ఇంతే. 1970 తర్వాత ఒక్క ప్రైవేటు మెంబరు బిల్లు కూడా చట్టం కాలేదు.

2019 మార్చి 25న ఈ నిబంధనను ఒక రోజుకు పక్కనపెట్టే సవరణను సర్ ఆలివర్ లెట్విన్ తెచ్చారు. ఆయన ప్రతిపక్షమేం కాదు, అధికార కన్సర్వేటివ్ పార్టీ మాజీ మంత్రి. అది 329–302తో నెగ్గింది. రెండు రోజుల తర్వాత, మార్చి 27న సభ తన అజెండా తానే రాసుకుంది. ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఎంపీలు కాగితం మీద టిక్కు పెట్టి అభిప్రాయం చెప్పారు. ఎనిమిదింటిలో ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏప్రిల్ 1న నాలుగింటిని మళ్లీ పరీక్షించారు. కస్టమ్స్ యూనియన్‌లో ఉందామన్నది 273–276తో మూడంటే మూడు ఓట్లతో చేజారింది. దాన్ని గట్టెక్కించగలిగిన లిబరల్ డెమొక్రాట్లలో చాలామంది, స్కాటిష్ నేషనల్ పార్టీ వాళ్లు కలిసి రాలేదు. రెండో రెఫరెండమో (ప్రజాభిప్రాయ సేకరణ), పూర్తిగా ఉండిపోవడమో జరగొచ్చన్న ఆశ వాళ్లది.

ఆ సభ మీద నాకున్న అతిపెద్ద ఫిర్యాదు ఇదే. ప్రభుత్వం చేతిలోంచి సమయాన్ని గుంజుకోవడం దాకా ఎంతో తెగువ చూపినవాళ్లు, చేతికొచ్చిన సమయంలో ఒక్క మెట్టు దిగి రాజీపడలేకపోయారు. ఒకటి ఆపడానికి మెజారిటీ దొరికింది, మరొకటి నిర్మించడానికి దొరకలేదు.

ఆపడంలో మాత్రం గెలిచారు. నో డీల్ జరగకుండా గడువు పొడిగింపు అడగాలని ప్రధానిని బద్ధురాలిని చేసే బిల్లును ప్రతిపక్ష లేబర్ పార్టీ ఎంపీ ఇవెట్ కూపర్, లెట్విన్ కలిసి తెచ్చారు. ఏప్రిల్ 3 రాత్రి అది 313–312తో, ఒక్క ఓటు తేడాతో కామన్స్ దాటింది. అదే రోజు మరో ఓటింగ్‌లో 310–310 వచ్చింది. 1993 తర్వాత సభలో ఓట్లు సమానం కావడం అదే మొదటిసారి. ఆనవాయితీ ప్రకారం స్పీకర్ తన ఓటును యథాతథ స్థితికే వేశారు. ఈయూ గడువును అక్టోబర్ 31కి మార్చింది.

ఇక్కడ రెండు వాదనలూ బరువైనవే. విదేశాలతో చర్చలు జరపాల్సింది జవాబుదారీ ఉన్న ప్రభుత్వమని, ఒక రోజు మెజారిటీతో చట్టం చేసి మర్నాడు ఎవరి సీట్లలో వాళ్లు కూర్చునే ఎంపీల గుంపు దాని పర్యవసానాలకు బాధ్యత వహించదని ప్రభుత్వ పక్షం అంది. పాలనకు ఒక చేయి, దిశానిర్దేశానికి మరో చేయి ఉంటే దేశం నడవదన్నది అందులోని సారం. అవతలివాళ్లు అన్నదేమిటంటే, ప్రభుత్వానికి సభ సమయం మీద హక్కు ఆకాశం నుంచి ఊడిపడలేదు, సభ రాసుకున్న నిబంధన ద్వారా వచ్చింది. రాసిన సభే దాన్ని మార్చుకోవచ్చు. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ కనబడదు. మెజారిటీ పోయినప్పుడే బయటపడుతుంది.

స్పీకర్ పాత్ర మీదా వివాదం ఉంది. 2019 జనవరి 9న, సవరణకు వీల్లేదని అప్పటిదాకా అనుకున్న తీర్మానానికి బెర్కో సవరణ అనుమతించారు. ఆ సవరణ 308–297తో నెగ్గింది కూడా. మార్చిలో 1604 నాటి ఆనవాయితీకి కట్టుబడిన వ్యక్తే, జనవరిలో ఆనవాయితీలకు కట్టుబడితే సభ ఎప్పటికీ మారదన్నట్టు మాట్లాడారని విమర్శకులు ఎత్తిచూపారు. రెండు సందర్భాల్లోనూ ఆయన సభ పక్షానే, ప్రభుత్వానికి ఎదురుగానే నిలిచారన్నది సమర్థకుల మాట.

## విప్ ధిక్కరిస్తే పార్టీ పోతుంది, సీటు పోదు

తెలుగు పాఠకుడికి ఈ కథలో నమ్మశక్యంగా ఉండని భాగం, అధికార పార్టీ ఎంపీలే పదుల సంఖ్యలో మళ్లీ మళ్లీ ఎదురు ఓటేయడం. మన దగ్గర 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం, విప్‌కు వ్యతిరేకంగా ఓటేసిన సభ్యుణ్ణి పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. పార్టీ బహిష్కరించవచ్చు, మళ్లీ టికెట్ ఇవ్వకపోవచ్చు. సీటు మాత్రం తర్వాతి ఎన్నికల దాకా ఆ సభ్యుడిదే.

మే రాజీనామా తర్వాత 2019 జులై 24న ప్రధాని అయిన బోరిస్ జాన్సన్, ఒప్పందం ఉన్నా లేకున్నా అక్టోబర్ 31న బయటికి వచ్చి తీరతామన్నారు. సెప్టెంబర్ 3న ఆయన సభలో మాట్లాడుతుండగానే ఫిలిప్ లీ అనే సొంత పార్టీ ఎంపీ నడుచుకుంటూ వెళ్లి లిబరల్ డెమొక్రాట్ల బెంచీలో కూర్చున్నారు. ఒక్క ఓటు మెజారిటీ అక్కడితో పోయింది. ఆ రాత్రే సభ 328–301తో మరోసారి అజెండా చేతికి తీసుకుంది. ఎదురు ఓటేసిన 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలను జాన్సన్ పార్టీ నుంచి పంపేశారు. వాళ్లలో మొన్నటిదాకా ఆర్థికమంత్రిగా ఉన్న ఫిలిప్ హామండ్, దాదాపు అర్ధశతాబ్దం పాటు సభలో ఉన్న కెన్ క్లార్క్, విన్‌స్టన్ చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ ఉన్నారు. మన చట్టమే అక్కడ ఉంటే వాళ్లందరి సీట్లూ ప్రమాదంలో పడేవి, సభ లెక్క మారిపోయేది. అది మంచిదా కాదా అంటే, ప్రభుత్వ స్థిరత్వం కోరేవారికి ఒక జవాబు, ఎంపీ మనస్సాక్షికి విలువిచ్చేవారికి మరో జవాబు. నేను రెండోవారి వైపే ఉంటాను. దేశం దిశ మారే ప్రశ్న మీద కూడా సభ్యుడు విప్ చెప్పినట్టే చేయెత్తాల్సి వస్తే, 650 మందిని ఎన్నుకోవడం దేనికన్నది నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

## సభనే మూసేస్తే?

అజెండా మీద పట్టు పోయిన ప్రభుత్వానికి మిగిలిన దారి సభ కూర్చోకుండా చూడటం. ఒక సమావేశ కాలాన్ని ముగించి తర్వాతిది మొదలయ్యేదాకా పార్లమెంటును మూసి ఉంచడాన్ని ప్రొరోగ్ చేయడం అంటారు. మామూలు వాయిదాకు సభ తానే ఓటేసి ఒప్పుకోవాలి. ప్రొరోగ్ చేయడానికి సభ సమ్మతి అక్కర్లేదు, ప్రధాని సలహా మీద రాజు లేదా రాణి ఆదేశిస్తే చాలు. ఆ కాలంలో చర్చలు, ప్రశ్నలు, కమిటీలు ఏవీ ఉండవు, పూర్తికాని బిల్లులు చాలావరకు రద్దవుతాయి.

2019 ఆగస్టు 28న రాణి ఎలిజబెత్ స్కాట్లండ్‌లోని బాల్మోరల్ నివాసంలో ఆ ఉత్తర్వుకు ఆమోదం తెలిపారు. సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ 14 దాకా, ఐదు వారాలు సభ ఉండదు. గడువు అక్టోబర్ 31. సెప్టెంబర్ 10 తెల్లవారుజామున ఎగువ సభ అయిన లార్డ్స్ నుంచి కబురు తెచ్చే అధికారి కామన్స్ తలుపు దగ్గరికి రాగా, కొందరు ప్రతిపక్ష ఎంపీలు "నోరు నొక్కారు" అని రాసిన కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. స్పీకర్ కుర్చీ దగ్గర తోపులాట కూడా జరిగింది.

ప్రభుత్వం చెప్పిన కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. 2017లో మొదలైన ఆ సమావేశ కాలం అంతర్యుద్ధ కాలం తర్వాత అంత దీర్ఘంగా సాగిన మొదటిది. కొత్త ప్రధాని కొత్త కార్యక్రమంతో కొత్త సమావేశం మొదలుపెట్టడం సహజం. పైగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో పార్టీల మహాసభల కోసం సభ ఎలాగూ కొన్ని వారాలు సెలవు తీసుకుంటుంది. అసలు ఇది రాజకీయ నిర్ణయం, కోర్టులకు సంబంధం లేదు. లండన్‌లోని హైకోర్టు ఈ చివరి మాటతో ఏకీభవించింది. స్కాట్లండ్ అప్పీలు కోర్టు మాత్రం ఇది చట్టవిరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది.

సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ తీర్పు చదివారు. 11 మంది జడ్జీలదీ ఒకే మాట. వాళ్ల తర్కం నడిచిన తీరు గమనించాలి. ప్రధాని మనసులో ఏముందన్న జోలికి వాళ్లు పోలేదు. పార్లమెంటును మూసే అధికారానికి హద్దు లేకపోతే, చట్టాలు చేసే అత్యున్నత సభను ప్రభుత్వం తనకు ఇష్టమొచ్చినంత కాలం మూసి ఉంచగలదు. కాబట్టి హద్దు ఉండి తీరాలి. సభ తన పని చేసుకోకుండా అడ్డుపడే ప్రభావం ఉంటే, అందుకు సహేతుకమైన కారణం చూపాలి. ఐదు వారాలకు ప్రభుత్వం కోర్టు ముందు పెట్టిన కారణం ఏదీ లేదు. కొత్త సమావేశానికి రాణి ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి మామూలుగా కొద్ది రోజులు చాలు. కన్సర్వేటివ్ మాజీ ప్రధాని జాన్ మేజర్ స్వయంగా ఈ కేసులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా తన వాదన సమర్పించారు. ఉత్తర్వు మొదటి నుంచీ చెల్లదని కోర్టు అంది. మర్నాడే సభ కూర్చుంది.

జడ్జీలు రాజకీయాల్లోకి అడుగుపెట్టారన్న విమర్శ ఆనాటి నుంచి ఆగలేదు. లిఖిత రాజ్యాంగం లేని దేశంలో ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. మన రాజ్యాంగం 85వ అధికరణంలో రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాసి ఉంది. బ్రిటన్‌లో అలాంటి వాక్యం ఎక్కడా లేకపోవడం వల్లే ఆ హద్దును జడ్జీలు సూత్రాల్లోంచి తీయాల్సి వచ్చింది.

## సంతకం లేని ఉత్తరం, తర్వాత ఎన్నికలు

మూతపడే లోపే ఎంపీలు లేబర్ ఎంపీ హిలరీ బెన్ పేరున్న చట్టం చేసేశారు. అక్టోబర్ 19 లోగా సభ ఒప్పందాన్నో నో డీల్‌నో ఆమోదించకపోతే, 2020 జనవరి 31 దాకా గడువు కోరుతూ ప్రధాని ఈయూకు ఉత్తరం రాయాలి. ఏమని రాయాలో కూడా చట్టం అనుబంధంలోనే వాక్యాలతో సహా రాసిపెట్టారు. ప్రధాని మీద సభకు ఎంత అపనమ్మకం ఉందో చెప్పడానికి ఆ అనుబంధం చాలు. జాన్సన్ ఎన్నికలకు పోదామంటే సెప్టెంబర్ 4న వచ్చినవి 298 ఓట్లు. కావలసినవి 434.

అక్టోబర్‌లో జాన్సన్ కొత్త ఒప్పందం తెచ్చారు. ఇందులో గీత సముద్రం మీదికి మారింది. అక్టోబర్ 19, శనివారం. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత కామన్స్ శనివారం కూర్చోవడం అదే మొదలు. అవసరమైన చట్టం పూర్తయ్యేదాకా ఆమోదం ఇవ్వలేమన్న లెట్విన్ సవరణ 322–306తో నెగ్గింది. ఆ రాత్రి చట్టంలో ఉన్న ఉత్తరాన్ని సంతకం లేకుండా, గడువు పొడిగించడం తప్పని వాదించే మరో ఉత్తరాన్ని సంతకంతో జాన్సన్ బ్రసెల్స్‌కు పంపారు. మూడు రోజుల తర్వాత ఆయన ఒప్పందం బిల్లును సభ సూత్రప్రాయంగా 329–299తో ఒప్పుకుంది. మే ఎన్నడూ సాధించలేనిది అది. కానీ మూడు రోజుల్లో బిల్లు పూర్తి చేయాలన్న కాలపట్టికను అదే సాయంత్రం 308–322తో తిరస్కరించింది. విషయం మీద ప్రభుత్వం గెలిచి, సమయం మీద ఓడింది.

చివరికి మూడింట రెండొంతుల నిబంధనను తప్పించుకునే చిన్న చట్టంతో డిసెంబర్ 12న ఎన్నికలు జరిగాయి. కన్సర్వేటివ్‌లకు 365 సీట్లు, 80 మెజారిటీ. అడ్డుపడ్డ సభకు ప్రజలు చెప్పిన జవాబిదని బ్రెగ్జిట్ పక్షం అంది. ఆ పార్టీకి వచ్చింది 43.6 శాతం ఓట్లేనని, రెండో రెఫరెండం కోరిన పార్టీలకు కలిపి దాదాపు సగం ఓట్లు వచ్చాయని అవతలివాళ్లు లెక్క చెప్పారు. రెండు లెక్కలూ నిజమే. సభలో చెల్లేది మాత్రం సీట్ల లెక్క. విడిగా పోటీచేసిన డొమినిక్ గ్రీవ్, డేవిడ్ గాక్ వంటి తిరుగుబాటు ఎంపీలు ఓడిపోయారు.

80 మెజారిటీ రాగానే పోరు ఆగిపోయింది. ఎన్నికల తేదీని ప్రభుత్వం చేతిలోంచి తీసిన 2011 చట్టాన్ని 2022లో రద్దు చేశారు. సభ రద్దు విషయంలో కోర్టులు ప్రశ్నించకూడదన్న సెక్షన్ కూడా అందుకోసం తెచ్చిన కొత్త చట్టంలో చేర్చారు. ప్రొరోగ్ చేయడానికి గరిష్ఠ కాలం ఇంతని మాత్రం ఏ చట్టమూ పెట్టలేదు. 14వ స్థాయీ నిబంధనా అలాగే ఉంది.

ఈయూతో భవిష్యత్తు వాణిజ్య ఒప్పందం 2020 డిసెంబర్ 24న కుదిరింది. 1,200 పేజీలు దాటిన పత్రం అది. దాన్ని అమల్లోకి తెచ్చే బిల్లును డిసెంబర్ 30న కామన్స్ 521–73తో సూత్రప్రాయంగా ఆమోదించింది. అన్ని దశలూ ముగించుకుని అదే రోజు రెండు సభలూ దాటింది. సంవత్సరం కిందట మూడు రోజులు చాలవని ప్రభుత్వాన్ని ఓడించిన కామన్స్, ఈసారి ఒక్క రోజుకు ఒప్పుకుంది.